చేతికివ్వని ఉప్పు

మీ ఇంట్లో ఉప్పు చేతికిస్తారా? నిజం చెప్పండి. పక్కన కూర్చుని తింటున్న మనిషి కాస్త ఉప్పు అడిగితే, మీ వేళ్ళతో తీసి ఆ అరచేతిలో వేస్తారా, లేక గిన్నె కిందపెట్టి ‘తీసుకో’ అంటారా?

కిందపెట్టేవాళ్ళే ఎక్కువని నాకు తెలుసు. చేతికిస్తే ఇచ్చినవాళ్ళకూ పుచ్చుకున్నవాళ్ళకూ గొడవ వస్తుందట. మా నాయన బడిపంతులు. ఆయన మాత్రం ఊరందరి ముందూ పంక్తి భోజనాల్లో ఉప్పు చేతికే వేసేవాడు. ‘ఉప్పుతో గొడవలొచ్చేటట్టయితే కోర్టుల్లో దస్త్రాలు కాదురా, ఉప్పు బస్తాలుండాలి’ అనేవాడు. ఆయన్ని చూసి నేర్చుకున్న నేను కూడా యాభై ఏళ్ళుగా ఉప్పు చేతికే ఇస్తున్నాను. మూఢనమ్మకం మీద అది నా చిన్న యుద్ధం. గెలిచాననే అనుకున్నాను, పోయినేటి దాకా.

నాయన వాదన నేర్పిన తీరు కూడా చెప్పాలి. మాది మార్కాపురం, పలకలు తయారయ్యే ఊరు. పలకలకు కొదవ లేదు. మాకు పలక ఇచ్చి, ఒక వైపు ఎదుటివాడి మాట రాయమనేవాడు, రెండో వైపు మన మాట. ఎదుటివాడి వైపు సరిగా రాయకపోతే రెండో వైపు తిప్పి చూసేవాడే కాదు. ‘వాడి మాట వాడికంటే బాగా చెప్పు. ఆ తర్వాత కొట్టు’ అని తుడిపించేవాడు. ఇప్పటికీ ఏ విషయం మీద మాట్లాడాలన్నా నా మనసులో ముందు ఒక పలక లేస్తుంది.

పోయినేడు వానలు వెనకబడ్డ రోజుల్లో గిద్దలూరులో ఒక చర్చ పెట్టారు. ప్రభుత్వ నిఘా రహస్యాలను బయటపెట్టినవాడు వీరుడా, నేరస్థుడా? నన్ను చివర మాట్లాడమన్నారు. పలకకు రెండు వైపులా చెప్పాను. రాజ్యానికి దాచుకోవలసినవి కొన్ని ఉంటాయి, కాపలావాడు తాళంచెవి ఎక్కడ పెట్టాడో దండోరా వేయించలేం, నమ్మి కాగితం అప్పగించిన చేయి దాన్ని జారవిడిస్తే ఏ సర్కారు కచేరీ నడవదు అన్నాను. రెండో వైపు తిప్పి, తప్పు చేస్తున్నవాడు తన తప్పు మీద ‘రహస్యం’ అని ముద్ర కొట్టుకుంటే ఆ ముద్రను గౌరవించడం నమ్మకం కాదు, పిరికితనం అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. చప్పట్లు పడుతుంటే ఒక తీర్పు కూడా ఇచ్చేశాను. ‘బయటపెట్టడం తప్పు కాదు. పేరు దాచుకోవడం తప్పు. పేరు చెప్పి శిక్షకు నిలబడినవాడు వీరుడు. చాటుగా పడేసి తప్పుకునేవాడు దొంగ.’

తిరుగు బస్సులో నా పక్కన మా బామ్మర్ది కూర్చున్నాడు. బామ్మర్దంటే ఊరి వరస. చిన్నప్పుడు ఒకే బడిలో ఒకే బెంచీ. ఇప్పుడు నేను మార్కాపురంలో చిన్న అచ్చాఫీసు నడుపుతూ నెలకొక పలచని పత్రిక వేస్తాను. దేవుణ్ణి నమ్మని నేను అచ్చువేసే ప్రతి శుభలేఖ మీదా వినాయకుడుంటాడు. అతను ఒక సర్కారు కార్యాలయంలో దస్త్రాలు చూసుకునే గుమాస్తా. అప్పటికి రిటైరు కావడానికి ఇంకో ఏడాది చిల్లర ఉంది. చర్చలో వెనక వరసలో కూర్చుని విన్నాడు.

“బావా, ఒక్క మాటడుగుతా. కోప్పడొద్దు.”

“నేనెప్పుడు కోప్పడినా?”

“ఇంటికి గుమ్మడికాయ కట్టినందుకు మూడు నెల్లు నాతో మాట్లాడకపోతివి.”

“సరే, అడుగు.”

“పేరు చెప్పుకోలేనోడు దొంగ అంటివే. వానికి పెళ్ళాంబిడ్డలుంటే?”

“ఉంటే? సత్యానికి పెళ్ళాంబిడ్డల లెక్క ఏంది?”

“ఏం లేదులే. నీ అచ్చాఫీసులో నువ్వే ఆఫీసరు, నువ్వే బంట్రోతు. నిన్ను సస్పెండ్ చేసేవాడు యాడుండాడు?”

నవ్వేశాను. కంభంలో బస్సాగితే అతను దిగి జామకాయలు కొనుక్కొచ్చాడు. ఉప్పూకారం పొట్లం విప్పి, నా చేతికివ్వకుండా మా ఇద్దరి మధ్య సీటు మీద పెట్టాడు. దాని మీద కూడా ఒక ఉపన్యాసం ఇచ్చాను. అతను జామకాయ కొరుకుతూ కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు.

మూడు వారాలకు అచ్చాఫీసుకు నడిచి వచ్చాడు. శనివారం పొద్దున పెద్దదోర్నాల రమ్మన్నాడు. పక్క వీధిలో ఉండే మనిషి టిఫిను తినడానికి దోర్నాల రమ్మనడమేమిటి? “ఫోన్ చేసి చెప్పొచ్చు గదయ్యా” అంటే, “నీ ఫోన్‌కి చేయకూడదు” అని మాత్రం అని పోయినాడు.

దోర్నాల కూడలిలో హోటలు శ్రీశైలం పోయే జనంతో కిటకిటలాడుతోంది. అతను మూలబల్ల పట్టుకుని కూర్చున్నాడు. ఇడ్లీ తిన్నాం, మజ్జిగ చెప్పాడు. మజ్జిగలోకి ఉప్పడిగితే అలవాటు చొప్పున చిటికెడు తీసి చేయి చాచాను.

“కిందపెట్టు బావా.”

పెట్టాను. అతను ఆ ఉప్పు కలుపుకుని తాగి, సంచిలోంచి ఒక శుభలేఖ కవరు తీసి ఉప్పు గిన్నె పక్కన పెట్టాడు. నేను అచ్చువేసిన కవరే.

“ఇది కూడా కిందపెడుతుండా. నేను నీకియ్యలే. నువ్వు తీసుకున్నావంతే. నేను సర్కారు ఉప్పు తిన్నోణ్ణి.”

“అది సర్కారు ఉప్పు కాదయ్యా, జనం ఉప్పు.”

“ఉపన్యాసం తర్వాత. రెండు కాగితాలుండినాయి. ఒకటే తెచ్చినా. ఇది ఎవరిని చూస్తుండారో వాళ్ళ జాబితా. రెండోది, చూసి చెప్పేటోళ్ళ పేర్లు. అది తేలేదు, తేను కూడా. అడివి పక్కన పుట్టినోళ్ళం. పేరు పొక్కితే ఆ మనిషికి ఏమైతాదో మనకొకరు చెప్పాల్నా?”

బస్సు హారన్ కొట్టింది. చేయి కడుక్కుని వెళ్ళి ఎక్కేశాడు. కవరు నా ముందు ఉంది. తెలుగులో దీనికొక మాట ఉంది. రహస్యంగా కబురు చేరవేయడాన్ని ఉప్పందించడం అంటాం. ఎవరు పెట్టారో గాని, ఉప్పును చేతికివ్వకూడదన్న జాతే ఆ మాట పెట్టుకుంది. మా బామ్మర్ది ఉప్పందించాడు, అందించకుండానే.

కవరులో ఉన్నది ఒకే పేజీ. పలకలు కోసే మిల్లుల దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైన పనివాళ్ళకు వైద్య పరీక్షలు చేయించమని అంతకు ముందు మేం ఒక సభ పెట్టాం. ఆ సభకు వచ్చినవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడారన్న వివరాలు ఉన్నాయి. పైన ‘రహస్యం’ అని ముద్ర. కింద ఏ చట్టం పేరూ లేదు, ఏ కోర్టు ఉత్తర్వూ లేదు. నా పేరు ఎదురుగా ఇలా ఉంది: ‘దేవుడు లేడని చెప్పును. అయితే ప్రతి శనివారం శివాలయం వీధిలో కనిపించును.’ శివాలయం వీధిలో నాకు కాగితాలు అమ్మే దుకాణముంది. నిఘా కన్ను మనిషిని చూస్తుంది గాని, ఆ మనిషి అక్కడికి ఎందుకు వెళ్ళాడో చూడదు.

నవ్వొచ్చింది. రెండో వరస చదివాక ఆగిపోయింది.

ఆ వరస పలకల మిల్లులో పనిచేసి దగ్గి దగ్గి పోయిన ఒకాయన భార్యది. ఆమెకు చదువు రాదు. మర్నాడు వాళ్ళింటికి వెళ్ళి చదివి వినిపించాను. ‘రోజూ సాయంత్రం కంభం నంబరుకు సుమారు గంట మాట్లాడును. అవతలివారు ఎవరో తేలలేదు.’

“తేలలేదా? నా బిడ్డ అన్నా. కాన్పయ్యి రెండు నెల్లు. పోలేక, ఫోన్లోనే పథ్యం చెబుతుండా. నన్నడిగితే నేను చెప్పనా?” అంది. మళ్ళీ తనే అడిగింది, “ఇన్నారా, ఊరికే రాసుకున్నారా?”

“తెలీదమ్మా.”

“ఇంటే మేలే. వాము కషాయం ఎట్ల కాచాల్నో నేర్చుకునుంటారు.”

ఇద్దరం నవ్వుకున్నాం. కాని నేను లేచే లోపలే ఫోను మోగింది. కూతురు. తల్లి “బాగుండావా? సరే” అని పెట్టేసింది. గంట మాట ఆ పూట రెండు మాటలైంది. ఎవరినీ కొట్టకుండా, ఎవరినీ జైల్లో పెట్టకుండా ఒక రాజ్యం ఒక తల్లి నోరు ఎలా మూయగలదో నేనా గుమ్మంలో నిలబడి చూశాను. ఆ సంగతి బయటపెట్టింది నేనే గదా, నేను చెప్పకపోతే ఆమె ధైర్యంగా మాట్లాడుతూ ఉండేది గదా అని మీరనవచ్చు. అవును. తెలియకుండా ఉంటే సుఖంగానే ఉండేది. దొంగ ఇంట్లో ఉన్నాడని తెలియని నిద్ర కూడా సుఖమే.

జాబితాలో మూడో మనిషి సభకు షామియానా వేసిన దుకాణదారు. తాతల నాటి వ్యాపార కుటుంబం. అతని పేరు ఎదురుగా, ‘భావజాలం తెలియదు. షామియానా నీలం’ అని ఉంది. పత్రికలో వేద్దామనుకుంటున్నానని చెబితే కుర్చీలోంచి లేచాడు.

“వద్దన్నా. అడివిలో తుపాకులు తిరిగిన రోజులు మర్చిపోయినావా? అప్పుడు ఎవరు యాడికి పోతుండారో పోలీసోళ్ళు చూసుకోబట్టే నేను దుకాణం తలుపు తెరిచినా. రహస్యం లేకుండా రాజ్యం నడుస్తాదా? నువ్వు బళ్ళకు పరీక్ష పేపర్లు అచ్చేస్తావే, ముందే పిలకాయలకు చూపిస్తావా?”

మా నాయన ఉంటే అతనికి పలక ఇచ్చి, ఈ వైపు బాగా రాశావయ్యా అనేవాడు. నేను రెండో వైపు తిప్పాను.

“చూపించను. గంట కొట్టే దాకా చూపించను. గంట కొట్టినాక కూడా దాచితే అది రహస్యం కాదు, మోసం. ఈ జాబితాకు గంట ఎప్పుడు?”

అతను మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

“గంట లేని రహస్యమయ్యా ఇది. ఎవరు పెట్టినారో, ఎందుకు పెట్టినారో, ఎప్పుడు తీసేస్తారో ఎవరికీ చెప్పక్కరలేదు. తుపాకి పట్టినోణ్ణి చూసుకోమను. షామియానా కట్టినోణ్ణి చూడటమెందుకు?”

“ఏమో అన్నా. ఇగ మీటింగులకు నీలం మాత్రం ఇయ్యను” అన్నాడు.

పేర్లు, నంబర్లు తీసేసి పత్రికలో వేశాను. మూడు వందల ప్రతులు వేసే పత్రిక. నాలుగు రోజుల్లో అందరి ఫోన్లలో తిరిగింది. పదో రోజు ఒక విచారణాధికారి వచ్చి అతిథి గృహానికి పిలిపించాడు. మర్యాదస్థుడు, కాఫీ ఇప్పించాడు.

“ఈ కాగితం మీ చేతికి ఎవరిచ్చారు?”

“నా చేతికి ఎవరూ ఇవ్వలేదండి. హోటల్లో బల్ల మీద ఉంటే తీసుకున్నాను.”

అక్షరం అక్షరం నిజం. యాభై ఏళ్ళు ఎగతాళి చేసిన ఆచారం ఆ క్షణంలో నా నాలుక మీదికి చల్లగా వచ్చి కూర్చుంది. బల్ల మీద ఎవరు పెట్టారని అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన అడగలేదు. నా మాట రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. అబద్ధమాడకుండా మనిషిని కాపాడానని ఈలవేసుకుంటూ ఇంటికొచ్చాను.

ఆయనకు కావలసింది ఆ ఒక్క వాక్యమేనని వారానికి తెలిసింది. చేతికి ఎవరూ ఇవ్వలేదంటే రహస్యం అందించినవాడు లేనట్టే. కాగితం ఎవరి అజాగ్రత్త వల్లో హోటలు దాకా పోయింది. అజాగ్రత్త ఎవరిది? కంప్యూటరు మీద ఆ కాగితం తీసినవాళ్ళది. తీసింది కాంట్రాక్టు మీద పనిచేసే ఆపరేటరు. ఇద్దరు బిడ్డల తల్లి. పైవాళ్ళు తీయమంటే తీసి దస్త్రంలో పెట్టడమే ఆమె చేసిన పని. రేపటి నుంచి రావద్దన్నారు.

ఆ సాయంత్రమే బామ్మర్ది అచ్చాఫీసులో అడుగుపెట్టాడు.

“చేతికియ్యలేదని చెప్పినావంట?”

“నిజమే గదా.”

“నిజమే. నిజంతోనే ఆయమ్మ ఉద్యోగం పోయె.” స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “నేనూ అంతే బావా. కిందపెట్టినా గదా, ఇచ్చినట్టు కాదులే అనుకున్నా. రోజూ అదే చెప్పుకుని పండుకున్నా. ఉప్పు కిందపెడితే మజ్జిగలో పడలేదా? మనమిద్దరం కిందపెట్టిన ఉప్పు ఇంకొకామె కంట్లో పడె.”

జేబులోంచి చేత్తో రాసిన కాగితం తీశాడు. ఆ జాబితా దస్త్రంలోంచి తీసి బయటికి తెచ్చింది తానేనని, ఆపరేటరుకు దీంతో సంబంధం లేదని, అది ఏ చట్టం కింద తయారైందో తనకు కనబడనందువల్లే తెచ్చానని రాసి ఉంది.

“తప్పులుంటే దిద్దు. నీ వృత్తి గదా.”

అప్పుడు నేనన్న మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. “ఒక్క ఏడాది ఆగరాదా? రిటైరయ్యి పింఛను చేతికొచ్చినాక చెప్పొచ్చు. ఆమెకు వేరే పని ఏదన్నా చూద్దాం” అన్నాను. గిద్దలూరులో సత్యానికి పెళ్ళాంబిడ్డల లెక్క లేదన్న నోరే అది.

“బావా, ఉప్పూకారం తింటుండావా లేదా నువ్వు? దొంగ అని అంత మంది ముందర అంటివి. అన్నోడు నువ్వే, ఇప్పుడు దాక్కోమనేదీ నువ్వేనా?”

“ఇంట్లో చెప్పినావా?”

“చెప్పినా. మీ చెల్లెలు రెండు దినాలు నాతో మాట్లాడలే. మూడో దినం, ‘పోయి చెప్పు, ఆ పిల్ల గూడా మనలాంటిదే గదా’ అనె.”

ఒక ఒత్తు దిద్ది ఇచ్చాను. దిద్దడానికి ఇంకేమీ లేదు.

మర్నాడు ఇద్దరం ఆ విచారణాధికారి దగ్గరికి వెళ్ళాం. నేనూ ఒక కాగితం రాసుకున్నాను, దోర్నాలలో నా ఎదురుగా కూర్చుని కవరు పెట్టింది ఎవరో నాకు తెలుసునని, అడగలేదు గనక చెప్పలేదని. అధికారి ఫోను చూసుకుంటూ, “అక్కడ పెట్టండి” అని బల్ల చూపించాడు.

“చేతికే తీసుకోండి సార్” అన్నాడు బామ్మర్ది.

అధికారి తలెత్తాడు. ఏమనుకున్నాడో, చేయి చాచాడు. ఇంటికి గుమ్మడికాయ కట్టుకునే మనిషి, జీవితమంతా ఉప్పు కిందపెట్టిన మనిషి, ఆ కాగితాన్ని ఆ చేతిలో పెట్టాడు. రసీదు కూడా అడిగి రాయించుకున్నాడు.

ఆపరేటరును మళ్ళీ పిలిచారు. బామ్మర్దిని సస్పెండ్ చేశారు. వచ్చే నెల శాఖాపరమైన విచారణ ఉంది. అధికార రహస్యాల చట్టం కింద కేసు పెడతారని కొందరు, పెట్టరని కొందరు చెబుతున్నారు. పెడితే పింఛనే కాదు, మనిషే లోపలికి పోతాడు. ప్రస్తుతం పగళ్ళు మా అచ్చాఫీసులో కూర్చుని శుభలేఖలు మడుస్తున్నాడు. షామియానా అన్న కూడా వచ్చి చూసిపోయాడు. “నేను కాగితాల మీద సంతకాలు పెట్టను. విచారణ దినం జనం వస్తే మాత్రం ఎండకు పందిరి నాది. రంగు అడగొద్దు” అన్నాడు.

వీరుడా, నేరస్థుడా? ఊళ్ళో ఇప్పుడిదే చర్చ. టీ కొట్టు దగ్గర నన్ను ఆపి తీర్పు చెప్పమంటున్నారు. నేను చెప్పడం మానేశాను. గిద్దలూరులో ఇచ్చిన తీర్పులో ఒక ముక్క తప్పని తెలిసింది. శిక్షకు నిలబడినవాడే వీరుడంటే, శిక్షించేవాడి చేతిలోనే వీరత్వపు కొలత పెట్టినట్టవుతుంది. పేరు చెప్పలేని భయాన్ని తయారుచేసినవాణ్ణి వదిలేసి, భయపడినవాణ్ణి దొంగ అన్నాను. మా బామ్మర్ది దోర్నాలలో దాక్కున్ననాడు కూడా న్యాయమే చేశాడు. చూసినవాళ్ళ పేర్లు దాచి, చూడబడ్డవాళ్ళ పేర్లు తెచ్చాడు. ఎంత ఉప్పు వేయాలో తెలిసిన చేయి అది. దస్త్రం మొత్తం గుమ్మరించి ఉంటే, ఆ రెండో కాగితంలోని ఎవరికో ప్రాణం మీదికొచ్చి ఉంటే, అతన్ని నేరస్థుడనేవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. చట్టం అతన్ని విచారించనీ. కాని అదే బల్ల మీద మొదట ఆ జాబితాను విచారించాలి. ఎవరు రాయమన్నారు, ఏ అధికారంతో, ఎన్నాళ్ళకు?

ఆ మాట అడిగేవాళ్ళు లేరు. వీరుడంటే దండ వేసి ఇంటికొస్తాం. నేరస్థుడంటే సంకెళ్ళు వేయించి ఇంటికొస్తాం. రెండు మాటల్లోనూ మనకున్న సుఖం ఒకటే, పని అతనిదే గాని మనది కాదు. అతను మాత్రం ప్రశ్నను మన ముందు కిందపెట్టి కూర్చున్నాడు, తీసుకుంటామేమోనని.

తీసుకోండి. ఈ పేజీ మూసేయగానే ఒక తెల్లకాగితం తెచ్చుకోండి. నా పేరు, నా నంబరు ఏదైనా నిఘా జాబితాలో ఉన్నాయా, ఉంటే ఏ చట్టం కింద, ఎవరి ఉత్తర్వు మీద, ఎన్నాళ్ళకు అని సమాచార హక్కు కింద అడగండి. చెప్పం అంటే, ఎందుకు చెప్పరో కాగితం మీద రాసిమ్మనండి. పూర్తి పేరు రాయండి, సంతకం పెట్టండి. వచ్చే నెల విచారణ జరిగే నాటికి అలాంటి కాగితాలు అతని కార్యాలయంలో కట్టలు కట్టలుగా ఉండాలి. అక్కడ పెట్టి పో అంటే పెట్టకండి. చేతికే ఇవ్వండి.